బిల్లు మనది, డాబా వాళ్ళది

టూలెట్ బోర్డుల మీద ఏమేం రాస్తారో ఒకసారి గమనించండి. డబుల్ బెడ్‌రూమ్, తూర్పు ముఖం, మంజీరా నీళ్ళు, బోర్ కూడా ఉంది, బైక్ పార్కింగ్, ఓన్లీ ఫ్యామిలీస్. కొన్ని చోట్ల ఓన్లీ వెజ్. మనలాంటి వాళ్ళకైతే "బ్యాచిలర్స్ ఓకే" అని చివర్లో చిన్న అక్షరాలతో కనిపిస్తే అదే మహాప్రసాదం. ఆ ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో, కరెంటు బిల్లు ఎంత వస్తుందో మాత్రం ఏ బోర్డూ చెప్పదు. మనమూ అడగం. ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న అద్దె ఎంత, రెండోది అడ్వాన్స్ ఎంత, మూడోది రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు.

ఇంట్లో పెద్దవాళ్ళు వస్తే వంటగది ఆగ్నేయంలో ఉందా అని చూస్తారు. మంచిదే. కానీ పడమటి గోడకి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ తగులుతుందా, పైన ఇంకో అంతస్తు ఉందా లేక నేరుగా డాబానా అని ఎవరూ చూడరు. నెలనెలా జేబుకి చిల్లు పెట్టేది ఆ గోడా, ఆ డాబానే.

కరెంటు పొదుపు అంటే మనకు చిన్నప్పటి నుంచి స్కూల్లో చెప్పిందంతా స్విచ్చుల గురించే. బల్బుకి కళ్ళూ ముక్కూ పెట్టి బొమ్మ వేస్తే ప్రైజ్ కూడా ఇచ్చేవాళ్ళు. స్విచ్ ఆపడం తప్పని నేను అనను. కానీ ఒక ఇంటి బిల్లులో పెద్ద వాటా తేల్చేది పైకప్పు, గోడలు, కిటికీలు, ఫ్యాన్ మోటార్, ఏసీ మోడల్. సొంత ఇంట్లో ఇవి ఎంచుకునేదీ, బిల్లు కట్టేదీ ఒకరే. కాబట్టి ఏదో ఒక రోజు లెక్క వేసుకుని మార్చుకుంటారు. అద్దె ఇంట్లో ఎంచుకునేది ఓనర్, కట్టేది మనం. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఇంటి విషయంలో అద్దెకుండేవాడు రీడ్-ఓన్లీ యూజర్. ఎడిట్ పర్మిషన్ ఉన్నవాడికి బిల్లు రాదు. ఎకనామిక్స్‌లో దీన్ని స్ప్లిట్ ఇన్సెంటివ్ అంటారు. తెలుగులో సొమ్మొకడిది సోకొకడిది అనే సామెత దగ్గరగా వస్తుంది గానీ, ఇక్కడ సోకు కూడా ఎవరికీ లేదు, ఉక్కపోతే.

ఇది చిన్న సమస్య కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పట్టణాల్లో ఉండే కుటుంబాల్లో నాలుగో వంతు కంటే ఎక్కువ అద్దె ఇళ్ళలోనే ఉన్నాయి. కాలేజీల చుట్టుపక్కల కాలనీల సంగతి చెప్పక్కర్లేదు.

ముందు ఫ్యాన్‌తో మొదలుపెడదాం, లెక్క సులువు. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 75 వాట్ల దాకా తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ అంతే గాలికి 30 వాట్ల దగ్గర ఆగుతుంది. తేడా 45 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు. యూనిట్ 4 రూపాయల 80 పైసలు వేసుకుంటే ఒక్క ఫ్యాన్ మీద 97 రూపాయలు. మామూలు ఫ్యాన్ 1500, బీఎల్‌డీసీ 3000 అనుకుందాం, బ్రాండ్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు చూడండి. ఇల్లు కట్టేటప్పుడు ఎలాగూ ఏదో ఒక ఫ్యాన్ కొనాలి కాబట్టి ఓనర్ అదనంగా పెట్టాల్సింది 1500 మాత్రమే. 15, 16 నెలల్లో ఆ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. కానీ వచ్చేది ఆయన జేబులోకి కాదు, మన జేబులోకి. అందుకే ఆయన షాపులో "చవకలో ఏదుంది?" అని అడుగుతాడు. నేను ఓనర్ అయినా అదే అడుగుతాను, నిజం చెప్పాలంటే. ఇక మన వైపు చూస్తే పాత ఫ్యాన్ ఎలాగూ తిరుగుతోంది కాబట్టి మనం పెట్టాల్సింది 1500 కాదు, మొత్తం 3000. అది తిరిగి రావడానికి 31 నెలలు. చలికాలంలో ఫ్యాన్ వేయం కదా, అది కలుపుకుంటే ఇంకా ఎక్కువ. మన చేతిలో ఉన్న అగ్రిమెంట్ ఎంత? 11 నెలలు.

ఆ 11 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు అయితే రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోడానికి ఒక నెల తగ్గించారు. అలా వందేళ్ళ కిందటి ఒక సెక్షన్ వల్ల ఇవాళ అద్దెకుండేవాడు ఏ వస్తువు కొనాలన్నా 11 నెలల లోపల ఆలోచిస్తాడు. అదే ఇంట్లో మూడేళ్ళు ఉండొచ్చు, నాలుగేళ్ళు ఉండొచ్చు. కానీ ఉంటామన్న గ్యారంటీ లేదు.

అద్దెకుండేవాళ్ళకి కరెంటు మీద శ్రద్ధ లేదనే మాట కూడా తరచూ వింటాం. అది అబద్ధం అనడానికి ఎల్‌ఈడీ బల్బే సాక్ష్యం. 2015లో ఉజాలా పథకం వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ పెద్ద ఎత్తున ఒకేసారి కొనడంతో బల్బు ధర 70, 80 రూపాయలకి దిగింది. దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే, రోజుకి ఆరు గంటలు వెలిగినా నెలకి తొమ్మిది యూనిట్లు మిగులుతాయి. అంటే బల్బు డబ్బులు రెండు నెలల్లో వచ్చేస్తాయి. పైగా ఖాళీ చేసేటప్పుడు విప్పి సంచిలో వేసుకోవచ్చు. ఈ రెండూ కుదిరాయి కాబట్టి అద్దె ఇళ్ళు, సొంత ఇళ్ళు అన్న తేడా లేకుండా అందరూ మారారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని పడలేదు. ఫ్యాన్ కూడా విప్పుకుపోవచ్చు, కాస్త కష్టం. (రిమోట్ పోగొట్టుకుంటే కథ వేరు.) డాబాని మాత్రం విప్పుకుని పోలేం.

అసలు కథ ఆ డాబా దగ్గరే ఉంది. పెంట్‌హౌస్ అనే మాటకి ఇంగ్లిష్ సినిమాల్లో ఒక అర్థం ఉంది, హైదరాబాద్‌లో ఇంకో అర్థం ఉంది. అక్కడ కోటీశ్వరుడు ఉంటాడు. ఇక్కడ నలుగురు బీటెక్ కుర్రాళ్ళు, ఒక ఇండక్షన్ స్టవ్, ఒక కూలర్ ఉంటాయి. మూడంతస్తుల ఇల్లు కట్టి కింద ఓనర్ ఉంటాడు, మధ్యలో ఫ్యామిలీకి ఇస్తాడు, డాబా మీది గది బ్యాచిలర్స్‌కి. కాంక్రీట్ శ్లాబు పగలంతా ఎండని తాగుతుంది. సాయంత్రం ఆరయ్యాక బయట గాలి చల్లబడుతుంటే, శ్లాబు తాగినదంతా లోపలికి వదలడం మొదలుపెడుతుంది. అందుకే రాత్రి పదకొండుకి బయట హాయిగా ఉండి లోపల కాలిపోతుంటుంది. ఫ్యాన్ ఫుల్‌లో పెడితే పైన పేరుకున్న వేడి గాలినే కిందికి నెడుతుంది. హెయిర్ డ్రయ్యర్ కింద పడుకుని సెమిస్టర్ ఎగ్జామ్‌కి చదివినట్టు ఉంటుంది.

మరి కింద ఉన్న ఓనర్‌కి? ఆయన నెత్తి మీద రెండు అంతస్తులు ఉన్నాయి. మనమే ఆయనకి గొడుగు. "మా ఇంట్లో అంత వేడిగా లేదే బాబూ" అని ఆయన అంటే అబద్ధం చెబుతున్నాడని కాదు, నిజంగానే లేదు. ఆ ఎండ మన గదిలో ఆగిపోయింది.

దీనికి మందు రాకెట్ సైన్స్ కాదు. డాబాకి తెల్లగా సున్నం వేయడం మన తాతల కాలం నుంచీ ఉన్నదే. ఇప్పుడు కూల్ రూఫ్ పెయింట్లు, తెల్ల టైల్స్ వచ్చాయి. తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది, అంతే. గది లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందని లెక్క. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దీని మీద ఏకంగా ఒక పాలసీ తెచ్చింది, 2028 వరకు. ఐదేళ్ళలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లగా మార్చాలని టార్గెట్. నాకు ఇది చదివినప్పుడు నిజంగా సంతోషం వేసింది. తర్వాత రూల్స్ చదివాను. ఇళ్ళ విషయంలో తప్పనిసరి అన్నది 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టేవాటికి. పాత ఇళ్ళకి ఇష్టముంటేనే. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కోడ్ కూడా అంతే. గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి ఎంత వేడి రావచ్చో దానికి ఒక హద్దు పెట్టింది, బాగుంది. కానీ అది వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకి. గజాల్లోకి మార్చండి, మళ్ళీ దాదాపు 600 గజాలే.

మనం అద్దెకుండే ఇళ్ళు ఎన్ని గజాల్లో ఉంటాయి? 120, 150, మహా అయితే 200. రూల్ ఉన్న చోట మనం లేం, మనం ఉన్న చోట రూల్ లేదు.

అద్దెకుండేవాడిని కాల్చే శ్లాబు ఇంకోటి కూడా ఉంది, అది బిల్లులో ఉంటుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు తీసుకుంటే, నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే? 4.80 కలిపి 825 అవుతుందనుకుంటాం. కాదు. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచి రేటు 5.10కి మారిపోతుంది, 201వ యూనిట్ 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి వేరే. 200 లోపు ఉంటే జీరో బిల్లు వచ్చే గృహజ్యోతి కుటుంబాలకైతే ఆ యూనిట్ ఇంకా ఖరీదు, సున్నా నుంచి నేరుగా వెయ్యికి. మామూలు ఇల్లు 190 దగ్గర ఆగే చోట, ఎండ కాగే ఇల్లు కూలర్ వల్ల 220కి పోతుంది. ఆ 30 యూనిట్ల తేడా తెచ్చింది మన బద్ధకం కాదు, పైన ఉన్న కాంక్రీట్.

రెండు పోర్షన్లకి ఒకే మీటర్ ఉంటే ఇంకా దారుణం. ఒక్కో పోర్షన్ 150 యూనిట్లు వాడిందనుకోండి. వేరే వేరే మీటర్లుంటే ఒక్కొక్కరికి 580, ఇద్దరికీ 1160. ఒకే మీటర్ అయితే 300 యూనిట్లకి 1790. అదే కరెంటు, అదే వాడకం, 630 రూపాయలు ఎక్కువ. ఇక సబ్ మీటర్ పెట్టి యూనిట్ 10 రూపాయలు అని చెప్పే చోట అదే 150 యూనిట్లకి 1500 కడతాం. మోటార్, మెట్ల లైట్లు అందులోనే అంటారు, కొంత నిజమే. కానీ ఆ రేటు చూస్తే ఆ ఇంట్లో కరెంటు పొదుపు చేయాలని ఓనర్‌కి ఎందుకు అనిపిస్తుంది?

ఓనర్‌ల బుద్ధి మంచిది కాదని తీర్పు ఇచ్చేసే ముందు హాస్టళ్ళు చూడండి. అక్కడ కరెంటు అద్దెలోనే కలిసి ఉంటుంది, బిల్లు ఓనరే కడతాడు. అక్కడ పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. గీజర్‌కి టైమింగ్స్ ఉంటాయి, ఎవరైనా కెటిల్ పెడితే వార్డెన్ వాసన పట్టేస్తాడు, కారిడార్‌లో లైట్లు రాత్రికి సగం ఆరిపోతాయి. మనం మాత్రం క్లాస్‌కి వెళ్తూ ఫ్యాన్ ఆపం. బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి జాగ్రత్త దానంతట అదే వస్తుంది.

ఓనర్ వైపు నుంచి కూడా న్యాయంగా మాట్లాడాలి. చాలామంది పెద్ద ఆస్తిపరులేం కాదు. రిటైర్మెంట్ డబ్బు, బ్యాంకు లోన్ కలిపి పైన రెండు పోర్షన్లు వేసుకున్నవాళ్ళు. డాబాకి పెయింట్ వేయించమంటే పాతిక వేలు ఖర్చు అనుకుందాం. ఆ పాతిక వేలకి ఆయనకి వచ్చేదేంటి? అద్దె పెరగదు. ఎందుకంటే ఇల్లు చూడ్డానికి వచ్చినవాడికి డాబా తెల్లగా ఉందా నల్లగా ఉందా అనే పట్టింపు లేదు. అదే పాతిక వేలు పెట్టి హాల్లో పీవోపీ సీలింగ్ చేయిస్తే వెయ్యి ఎక్కువ అడగొచ్చు. తన ఇంట్లో కొత్త ఏసీ కొన్నప్పుడు పాతది పై పోర్షన్‌లో బిగిస్తే "ఏసీ రూమ్" అని ఇంకో రెండు వేలు. ఆ పాత ఏసీ కంప్రెసర్ ఆగకుండా తిరిగితే గంటకి యూనిట్నర తాగుతుందన్నది వచ్చేవాడికి మే నెలలో తెలుస్తుంది. దాని మీద ఐదు స్టార్లు ఉన్నా మోసపోవద్దు. 2022 జులైలో ఏసీల స్టార్ లెక్కలు కఠినం చేశారు, పాత ఐదు కొత్త నాలుగుకి దిగింది. అంతకు ముందువైతే ఇంకా కింద.

అంటే ఓనర్ మనకి కనిపించేవాటి మీద ఖర్చు పెడుతున్నాడు. కనిపించనివాటి మీద పెట్టట్లేదు. కాబట్టి కనిపించేలా చేయడమే మన చేతిలో ఉన్న పని అని నేను అంటాను.

యూకేలో ఎంఎస్ చేస్తున్న సీనియర్లని అడగండి. అక్కడ అద్దె ఇంటి యాడ్‌లో ఏ నుంచి జీ వరకు ఒక అక్షరం ఉంటుంది, ఆ ఇంటి ఎనర్జీ రేటింగ్. ఇంగ్లండ్, వేల్స్‌లో 2018 నుంచి కొత్త అద్దెలకి, 2020 నుంచి పాత అద్దెలకి కూడా, కనీసం ఈ రేటింగ్ లేకపోతే ఇల్లు అద్దెకి ఇవ్వకూడదు. మినహాయింపులు ఉన్నాయి గానీ రూల్ అయితే ఉంది. వాళ్ళ బాధ చలి, మన బాధ ఎండ. అక్షరాలా కాపీ కొట్టనక్కర్లేదు. ఇక్కడ ప్రతి ఇంటికీ ఇన్‌స్పెక్టర్‌ని పంపి రేటింగ్ ఇవ్వాలంటే ఆ పని ఎలా జరుగుతుందో మీకూ నాకూ తెలుసు, జిరాక్స్ సెంటర్‌లో దొరుకుతుంది.

మన దగ్గర అంతకంటే చవకైన డేటా ఇప్పటికే రెడీగా ఉంది. పాత కరెంటు బిల్లులు. సర్వీస్ నంబర్ ఉంటే డిస్కం వెబ్‌సైట్‌లో ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో చూసుకోవచ్చు. అద్దె అగ్రిమెంట్‌తో పాటు గడిచిన 12 నెలల బిల్లులు చూపించాలి అని ఒక్క లైన్ రూల్ పెడితే చాలు. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు, ఓనర్‌కి ఒక ప్రింటౌట్. అప్పుడు అద్దె 8000, మే బిల్లు 2200 ఉన్న ఇల్లూ, అద్దె 8500, మే బిల్లు 1100 ఉన్న ఇల్లూ పక్కపక్కన పెట్టి చూస్తాం. రెండో ఓనర్ 500 ఎక్కువ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఆ డబ్బుతోనే డాబాకి పెయింట్ వేయించి ఉంటాడు. మొదటి ఓనర్ కూడా వచ్చే ఏడాది వేయిస్తాడు, బోర్డు ఖాళీగా వేలాడుతుంటే.

బిల్లు అనేది ఎంతమంది ఉన్నారు, ఎలా వాడారు అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది కదా అని అడగొచ్చు. అవును. ముందున్నవాళ్ళు రాత్రంతా గేమింగ్ పీసీ నడిపారేమో. అందుకే మొత్తం అంకె కంటే డిసెంబర్‌కీ మేకీ తేడా చూడండి. మనుషులు వాళ్ళే, ఫ్రిజ్ అదే, లైట్లు అవే. పెరిగిందంటే అది చాలావరకు ఆ ఇంటి వేడి, ఆ వేడితో కొట్లాడిన ఫ్యాన్లు, కూలర్, ఏసీ. డిసెంబర్‌లో 90, మేలో 140 ఉంటే మంచి ఇల్లు. 90 నుంచి 310కి పోతే పైన డాబా ఉందని చూడకుండానే చెప్పొచ్చు.

రూల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్రతి ఏడాది జూనియర్స్ వచ్చే ముందు మన సీనియర్లు వాట్సాప్‌లో తిప్పే రూమ్స్ షీట్ ఉంది కదా. ఏరియా, అద్దె, అడ్వాన్స్, ఓనర్ ఎలాంటివాడు అనే కాలమ్స్ ఉంటాయి, ఆఖరి కాలమ్‌లో మంచి కామెడీ కూడా ఉంటుంది. దానికి మూడు కాలమ్స్ కలుపుదాం: డిసెంబర్ యూనిట్లు, మే యూనిట్లు, పైన డాబానా ఇంకో అంతస్తా. ఇప్పుడు రూముల్లో ఉన్నవాళ్ళు తమ బిల్లు చూసి నింపితే రెండు నిమిషాల పని. సబ్ మీటర్ ఉన్నవాళ్ళు రీడింగ్‌లు రాసి, యూనిట్ రేటు ఎంత తీసుకుంటున్నారో పక్కన పెట్టండి. కొత్తగా ఇల్లు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చే ముందు, "అంకుల్, పోయిన మే కరెంటు బిల్లు ఒకసారి చూపిస్తారా?" అని మర్యాదగా అడగండి. బిల్లు దొరకలేదంటే సర్వీస్ నంబర్ అడగండి, చాలా చోట్ల మీటర్ బోర్డు దగ్గరే పెయింట్‌తో రాసి ఉంటుంది.